గోడ మీద చప్పుడు

"నోరు మూసుకోమని ఎంత చెప్పినా వినదు మేడం. అందుకే పళ్లిట్లా వంకరపోయినాయి," అంది నళిని.

డెంటిస్టు అంబిక, నళిని కూతురు స్పందన నోట్లోంచి చిన్న అద్దం బయటికి తీసింది. "మొండితనం కాదమ్మా. పాపకు ముక్కుతో గాలి అందట్లేదు. అంగిలి కూడా ఇరుకు. నిద్రలో గురక పెడుతుందా?"

"తెలీదు మేడం. నాకు బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. ఇది ఒక్కతే పడుకుంటాది."

"మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా?"

కుర్చీలోంచి స్పందనే చెప్పింది.

"నా గురక ఆగితే పక్కింటి చిక్కమ్మవ్వ గోడ మీద తడతాది. నేను లేచి తిరిగి తడతా. అప్పుడే అవ్వ పడుకుంటాది."

అంబిక అద్దం పక్కన పెట్టి నళిని వైపు తిరిగింది.

"అంగిలి వెడల్పయ్యే క్లిప్పు నేను వేస్తా. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఆ అవ్వను తోడు తీసుకెళ్లండి. పాప ఎలా నిద్రపోతుందో ఆమే చెప్పాలి."

స్పందనను బడిలో దింపి నళిని ఇంటికొచ్చింది. అవ్వ తలుపు తానెప్పుడూ తట్టింది లేదు. గోడ మీదే మెల్లగా తట్టింది.

అవతల నుంచి ముసలి గొంతు వెంటనే అడిగింది.

"ఊపిరాడతా ఉండాదా, బంగారూ?"