సీజర్ తీర్పు

ప్రభాకరరావుగారి కుక్కకు మనిషి మనసు తెలుస్తుందని రాజోలులోని ఆ వీధి వీధంతా నమ్ముతుంది. చీటీల వ్యాపారి మీద అది మొరిగిన నెలలోనే అతడు ఊరు విడిచి పారిపోయాడు. పాలవాడి మీద, పోస్ట్‌మేన్ మీద, గ్యాస్ బండ తెచ్చే మనిషి మీద కూడా మొరిగింది గాని, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అటువంటి సీజర్ కొత్తకోడలు కళ్యాణి మీద గుర్రుమంది.

మిగతా అందరితో దానికి స్నేహమే. అత్తగారు సీతారత్నం మెట్ల మీద నుంచి పెరుగన్నం వేస్తే తోక ఊపుతుంది. ప్రభాకరరావుగారు గేటు దగ్గర ఈల వేస్తే పరిగెత్తుకొస్తుంది. కొడుకు నాగసతీష్ బండి దిగకుండానే బిస్కెట్ విసిరితే గాలిలోనే అందుకుంటుంది. కళ్యాణి వెళ్లి పక్కన కూర్చుంటే మాత్రం కాసేపటికే పళ్లు బయటపెడుతుంది.

పైగా తల అడ్డంగా విదిలించడం మొదలుపెట్టింది.

“ఈ పిల్ల వద్దంటోందండీ,” అని పక్కింటి ప్రసన్నకుమారి అర్థం చెప్పింది. “నోరులేని జీవం, ఇంకెలా చెబుద్ది?”

“దానికెక్కడో నొప్పిగా ఉందేమోనండీ, అత్తయ్యగారూ,” అంది కళ్యాణి.

“నొప్పుంటే అన్నం ముడతదా? గిన్నె కూడా నాకేస్తాంటేనూ!”

ఆషాఢం వచ్చింది. కళ్యాణి ఆత్రేయపురంలోని పుట్టింటికి వెళ్లింది. ఆ నెలంతా సీజర్ ఎవరి మీదా గుర్రుమనలేదు. ఇంతకన్నా రుజువేం కావాలన్నారు. తల విదిలించడం మాత్రం మానలేదు. అది ఆత్రేయపురం వైపు తిరిగి విదిలిస్తోందన్నారు.

శ్రావణం వచ్చింది. కళ్యాణి తండ్రి ఫోన్ చేశాడు.

“అమ్మాయిని ఎప్పుడు పంపమంటారు, బావగారూ?”

“ఆయ్, చూద్దామండీ. మంచిరోజు కుదరాలి గదండీ,” అన్నారు ప్రభాకరరావుగారు. శ్రావణమంతా మంచిరోజులే. నాగసతీష్ కూడా భార్యకు ఫోన్ చేయడం తగ్గించాడు.

ఒక ఉదయం పెరట్లోని చూడిగేదెను పరీక్షించడానికి పశువుల డాక్టర్ బెన్నీగారు వచ్చారు. వెళ్లబోతూ, తల ఒక పక్కకు వాల్చుకుని వెనక కాలితో చెవి గోక్కుంటున్న సీజర్‌ను చూసి ఆగారు. దగ్గరకు వెళ్లి చెవి మీద చెయ్యి వేశారు. అది గుర్రుమంది. అచ్చంగా కళ్యాణి మీద గుర్రుమన్నట్టే.

డాక్టరుగారు తువ్వాలుతో దాని మూతి కట్టి, చెవి మడిచి చూశారు.

“లోపలంతా చీము పట్టిందండీ. నెలల నాటిది. ఇక్కడ తగిలితే ప్రాణం పోయినట్టుంటది దీనికి. ఎవరూ గమనించలేదాండీ?”

సీతారత్నం ఒప్పుకోలేదు.

“అదేంటండీ డాక్టరుగారూ! చెవి నొప్పే అయితే మా మీదా గుర్రుమనాలి గదండీ? మమ్మల్ని ఒక్కనాడూ ఏమీ అనలేదే! మా కోడల్నే ఎందుకంటదండీ?”

కళ్లు తెరవని కూనగా తెచ్చిన నాటి నుంచి ఆ ఉదయం దాకా, ఆ ఇంట్లో సీజర్ తల నిమిరిన మనిషి కళ్యాణి ఒక్కతే.