ఇష్టానికి మార్కులు

"ఈ పనంటే మీకెంత ఇష్టం అక్కా? ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారు?"

మందులక్కకు నవ్వు ఆగలేదు.

ఇల్లిల్లూ తిరిగి చంటిపిల్లలను తూకం వేస్తుంది, టీకాలకు పిలుస్తుంది, మందులు పంచుతుంది. అందుకే కాలనీ అంతటికీ ఆవిడ మందులక్క. ఇష్టానికి మార్కులు వేయడం మాత్రం ఎన్నడూ వినలేదు.

"ఏ పూట ఇష్టం కావాలమ్మా? పొద్దున ఐదుకి ఐదు. సాయంత్రం కాళ్ళు పీకుతుంటే గుండు సున్నా!"

సర్వేకి వచ్చిన పిల్ల కూడా నవ్వింది. ఆరోగ్య కార్యకర్తలకు పని మీద ఎంత ఉత్సాహం ఉందో కొలవడానికి పంపారట.

తన ఇల్లు ఇరుకని మందులక్క ఆ పిల్లను పక్కనే ఉన్న పెద్దక్క ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టింది. పెద్దక్కదీ అదే ఉద్యోగం. చేయి పట్టుకుని తనను ఈ పనిలోకి తెచ్చింది ఆవిడే. "మీ కబుర్లు మీవి" అంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"సాయంత్రానికి సున్నా ఎందుకవుతుందక్కా?"

"నిజం చెప్తే నా మెడకు చుట్టుకోదు కదా?"

"మీ పేరు బయటికి రాదు. నాదీ పూచీ."

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మందులక్క కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"పిల్లల కోసం ఎంతైనా తిరుగుతాను. ఒళ్ళు కాలిపోతున్న పసివాణ్ణి వదిలేసి రమ్మని, ఆఫీసరుగారి మీటింగులో కుర్చీలు తుడిపిస్తారు చూడూ, అప్పుడు చచ్చిపోతుందమ్మా ఇష్టం!"

చెప్పాక ప్రాణం తేలికపడింది.

వారం తిరక్కుండానే ఆఫీసరు పిలిచాడు.

"మా కుర్చీలు తుడవడం నామోషీగా ఉందట? పని మీద ఇష్టం చచ్చిపోయిందట? ఇష్టం ఉన్నవాళ్ళనే పెట్టుకుంటాంలే. నెలాఖరుకి మందుల సంచి అప్పజెప్పు."

బతిమాలింది. వినలేదు. పెద్దక్క ఒళ్ళో పడి భోరుమంది.

"ముక్కూమొహం తెలియనిదాని దగ్గర నోరు జారతారటే పిచ్చిదానా?" అంటూ పెద్దక్క కళ్ళు తుడిచింది.

నిజమే. అక్కా అక్కా అంటూనే గొంతు కోసింది! ఉన్న ఒక్క ఆధారం ఊడిపోయింది. మందులక్క ఆ పిల్లను తిట్టని పూట లేదు.

నెలాఖరులో ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. మందులక్క, పెద్దక్క అక్కాచెల్లెళ్ళలా గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

"అక్కా, ఒక్క మాట. కాస్త పక్కకు వస్తారా?"

"మా పెద్దక్క దగ్గర నాకు దాపరికాల్లేవు. ఏడ్చేదేదో ఇక్కడే ఏడువు!"

ఆ పిల్ల మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఏం, ఇంకా మార్కులు కావాలా? నా కడుపు కొట్టింది చాలదూ? కంటికి కనబడకు, ఫో!"

ఇరుగుపొరుగంతా బయటికి వచ్చి చూశారు. "సిగ్గులేని జన్మ" అని ఎవరో అన్నారు కూడా. ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. మందులక్కకు కసి తీరింది.

మర్నాడు సంచి తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. అందుకోవడానికి అక్కడ పెద్దక్క కోడలు నిలబడి ఉంది.

"నువ్వేంటే ఇక్కడ?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. ఆఫీసరే అందుకున్నాడు.

"నీ చోట్లో ఇకనుంచి ఈ అమ్మాయే. నువ్వన్న మాటలు అదే రోజు పూసగుచ్చినట్టు వచ్చి చెప్పింది వాళ్ళత్త. ఆవిడకు ఆమాత్రం చేయొద్దూ?"

మందులక్క సంచిని బల్ల మీద పెట్టేసింది. తల్లి తర్వాత తల్లి అనుకుంది పెద్దక్కను.

"మరి... ఆ సర్వే పిల్ల?" అడిగింది.

"అదో మొండిఘటం!" ఆఫీసరు విసుక్కున్నాడు. "అవి నీ మాటలేనని రాసివ్వమంటే చచ్చినా ఇవ్వనంది, నిన్ను తీసేస్తే ఊరుకోనని నా మీదే పైకి రాసింది, చివరికి తన ఉద్యోగమే పోగొట్టుకుని పోయింది."