ఆయాకు అడ్డులేదు

"ఏయ్, లే! ఇది తెల్లవాళ్ల పెట్టె," అంటూ లూసియానా రైల్లో టికెట్ కలెక్టరు నా మీదికొచ్చాడు. నా ఒళ్లో నిద్రపోతున్న తెల్లటి పాప కోరిన్‌ను చూడగానే అతని గొంతులో తేనె ఊరింది.

"ఆయావా? ముందే చెప్పొద్దూ! తెల్లపిల్లల్ని ఆడించే ఆయాలకి చట్టం అడ్డు చెప్పదులే, కూర్చో. బంగారుబొమ్మలా ఉంది! ఎవరి బిడ్డ?"

"మంచి ఇంటి బిడ్డేనండి."

పాప బుగ్గ నిమిరాడు. ఎండ పడకుండా కిటికీ తెర తనే దించాడు. నల్లరక్తం ఒక్క చుక్క ఉన్నా ఇట్టే పసిగడతామని డప్పు కొట్టుకునే జాతి!

అంతలో కోరిన్ లేచి, "అమ్మా, దాహం," అంటూ నా మెడ చుట్టేసింది.

ఆ పెద్దమనిషి బుగ్గ నిమిరిన చేతిని కోటుకు రుద్ది రుద్ది తుడుచుకున్నాడు.

"ఇంకా గట్టిగా రుద్దండి దొరా," అన్నాను, బిడ్డను ఎత్తుకుని లేస్తూ. "ఇందాక మీకే కనబడని నలుపు కదా!"