పదకొండు మెట్ల సమాచారం

ఫోన్‌లో ర్యాంపు ఉంది. ఎదురుగా పదకొండు మెట్లున్నాయి.

వీల్‌చెయిర్‌లో కూర్చున్న సునీల ఫోన్ పైకెత్తి, మెట్ల కింద స్టూలు మీదున్న అటెండర్ హన్మండ్లుకు చూపించింది. "చూడన్నా, ర్యాంపు ఉన్నదని రాసిన్రు. ఫోటో గూడ వెట్టిన్రు. ఏ దిక్కున్నది?"

హన్మండ్లు కళ్లద్దాలు సర్దుకుని ఫోటోను కాసేపు చూశాడు. "గిదా? గిది ఓపెనింగ్ నాటిది బిడ్డా. పెద్దసార్లు వస్తున్నరని టెంట్ హౌసోళ్ల దగ్గర చెక్క ర్యాంపు తెప్పిచ్చినం. ఫోటోలు దిగినంక వాపస్ పంపినం. కిరాయిది గద."

ఆ ఫోటో చూసే 'దారిచూపు' యాప్‌లోని కృత్రిమ మేధ ఈ వికలాంగుల సర్టిఫికెట్ల కేంద్రానికి ఐదు నక్షత్రాలు ఇచ్చేసింది. దానిదేం పోయింది? ఎక్కాల్సింది అది కాదు కదా.

తండ్రీకూతుళ్లు ఎల్లారెడ్డి పక్క తండా నుంచి పొద్దున్నే బయలుదేరారు. ఎల్లారెడ్డి కేంద్రానికి మెట్లున్నాయని, కామారెడ్డి కేంద్రానికి ర్యాంపు ఉందని ఆ యాప్ చెబితేనే, దగ్గరున్నదాన్ని వదులుకొని ఇంత దూరం ఆటో మాట్లాడుకొని వచ్చారు. సునీల కాళ్లు పుట్టుకతోనే పనిచేయవు. ఆ సంగతి తండాలో మేకలకు కూడా తెలుసు. కానీ వికలాంగుల సర్టిఫికెట్‌కు గడువు తీరిపోయింది. రేపు పదింటికి లైబ్రరీ ఉద్యోగానికి కాయితాలు చూస్తారు. కొత్త సర్టిఫికెట్ ఇవాళ చేతికి రాకపోతే, కోటాలో ఆమె పేరు కొట్టేసి తర్వాతి పేరు పిలుస్తారు.

పైన సర్టిఫికెట్లిచ్చే సారును ఒక్కసారి కిందికి రమ్మనమని సునీల బతిమాలింది. హన్మండ్లు పైకి పోయి అడిగి వచ్చాడు. సారు రావడానికి అభ్యంతరం లేదట, కెమెరాయే రాదట. దాన్ని బల్లకు బిగించారు. ఇప్పుడు నిర్ణయమంతా కంప్యూటరుదే. మనిషిని తెచ్చి దాని ముందు కూర్చోబెట్టడమే సారు పని. ఆ మనిషి ఒంటిగంటలోగా లోపలికి రావాలి, లేదంటే మళ్లీ వచ్చే నెలే.

సునీలకు ఒళ్లు మండింది. తన ఒక్కదాని గోస అయితే ఓర్చుకునేదే. రేపు బిచ్కుంద నుంచో జుక్కల్ నుంచో ఇంకొకరు ఇదే ఫోటో నమ్మి వస్తారు, ఇట్లాగే మెట్ల ముందు కూర్చుంటారు. చక్రాలు వెనక్కి జరుపుకుని, మెట్లన్నీ కనబడేలా ఫోటో తీసింది. ఒక్కొక్కటి లెక్కబెట్టి, యాప్‌లో రాసి పంపింది.

"ఎందుకొచ్చిన లొల్లి బిడ్డా," అన్నాడు హన్మండ్లు. "ఉన్నమాటంటె ఊరచ్చిరాదంటరు."

"ఊరి సంగతి తర్వాత అన్నా. ముందుగాల ఫోన్ల నిజముండాలె."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'ధన్యవాదాలు సునీల గారూ. మీలాంటి వారి వల్లే మా సమాచారం మెరుగుపడుతోంది. దాన్ని కేంద్రాల కంప్యూటర్లకు కూడా పంపుతాం.' తెర మీద ఐదు నక్షత్రాలు ఒకటైపోయాయి. ర్యాంపు ఫోటో పోయి, ఆ చోట కొత్త అక్షరాలు వచ్చాయి. 'ఈ కేంద్రానికి ర్యాంపు లేదు. పదకొండు మెట్లు.'

సునీల దాన్ని తండ్రికి చూపించింది. లింబ్యాకు చదువు రాదు. అయినా బిడ్డ ముఖం చూసి తనూ నవ్వాడు. ఎన్ని దరఖాస్తులు పెట్టినా కదలని లోకం రెండు నిమిషాల్లో కదిలితే ఎవరికి సంతోషంగా ఉండదు?

"ఇగ రా బిడ్డా," అని లింబ్యా వంగి వీపు చూపించాడు.

అరవై దాటిన మోకాళ్లు. ఏడో మెట్టు దగ్గర మొరాయించాయి. హన్మండ్లు పరుగున వచ్చి వెనక నుంచి ఆసరా పట్టాడు. కాసేపు దించమని సునీల అంటే, దించితే మళ్లీ లేవలేనన్నాడు లింబ్యా. అట్లాగే పళ్లు బిగబట్టి మిగతా నాలుగూ ఎక్కాడు. లోపల గోడ గడియారం పన్నెండు యాభై చూపిస్తోంది.

కంప్యూటరు ముందున్న సారు పేరు జీవన్. మర్యాదస్థుడు. గబగబా కుర్చీ జరిపాడు, మంచినీళ్లు ఇచ్చాడు. కెమెరా సునీల ముఖం చూసి పేరు గుర్తుపట్టింది. డాక్టరు కాయితాలన్నీ లోపలికి తీసుకుంది. తెర మీద ఒక చక్రం గిరగిరా తిరగసాగింది. లింబ్యా గోడకు ఆనుకొని రొప్పుతూ దానివంకే చూశాడు.

చక్రం ఆగింది. జీవన్ మొహం మాడిపోయింది.

"రిజెక్ట్ అని వచ్చిందమ్మా."

సునీల తన కాళ్ల వైపు చూపించింది. "ఎందుకు సార్? నా కాళ్లు కనవడ్తలేవా?"

"కెమెరాకు మొఖం వరకే కనవడ్తదమ్మా."

"నా బిడ్డ నడవదు సారూ," అన్నాడు లింబ్యా. "ఇప్పుడే నా వీపు మీద మోసుకొచ్చిన. గది రాయుండ్రి."

జీవన్ రాయడానికే చూశాడు పాపం. తెరను పైకీ కిందికీ జరిపి వెతికాడు. తండ్రి వీపు గురించి రాసే గడి ఎక్కడా లేదు. కారణమేమిటో చెప్పమంటే, తెరను మెల్లగా సునీల వైపు తిప్పాడు.

'ఈ కేంద్రానికి ర్యాంపు లేదు, పదకొండు మెట్లున్నాయి. దరఖాస్తుదారు కేంద్రం లోపల ఉన్నారు. కావున దరఖాస్తుదారు మెట్లెక్కగలరు. మెట్ల గురించి సమాచారం ఇచ్చినవారు: సునీల.'