మూడు వందల డిగ్రీల దగ్గర

హరిత పేరు వింటేనే గోపినాథ్‌కి ఒళ్ళు మండేది.

పదకొండేళ్ల సర్వీసు అతనిది. వేడిని తట్టుకునే పాలిమర్ల గురించి ఆ డెలానీపూర్ ల్యాబులో ఎవరికి ఏ సందేహం వచ్చినా అతన్నే అడిగేవాళ్లు. రెండేళ్ల క్రితం హరిత చేరింది. సముద్రపాయ అవతలి బాంబూఫ్లాట్ పిల్ల. రోజూ ఫెర్రీ దిగి వస్తుంది, వచ్చిన దగ్గర్నుంచీ అందరి నోటా ఆమె పేరే. కుళ్ళుకోక ఏం చేస్తాడు?

దానికి తోడు పోటీ ఒకటి వచ్చిపడింది. ఫెర్రీ ఇంజన్ గదిలో పొగగొట్టం చుట్టూ కప్పే పలక కావాలట. గాజుగుడ్డ పొరలకు జిగురులాంటి రెసిన్ పట్టించి, నొక్కి, ఓవెన్‌లో కాల్చి చేసే పలక. ఎవరి రెసిన్ పాళ్ళు వాళ్ళకి రహస్యం. మూడు వందల డిగ్రీల్లో గంటసేపు ఎవరి పలక నిలబడితే వాళ్ళే ప్రాజెక్ట్ హెడ్.

గోపినాథ్ తన పలకను ఓవెన్‌లో పెట్టి, అన్న కూతురి పెళ్ళికి కాకినాడ వెళ్ళాడు. సరిగ్గా తలంబ్రాల వేళకి ఫోన్ మోగింది.

"సార్, మీ రెసిన్ పాళ్ళు కొంచెం చెప్తారా? అర్జెంట్," హరిత గొంతు.

"ఏం తల్లీ, నీ పాళ్ళు సరిపోలేదా?"

"పర్లేదు సార్" అని పెట్టేసింది.

ఎంత ధైర్యం! ఆ పూట అతనికి పెళ్ళిభోజనం సహించలేదు.

తిరిగొచ్చేసరికి ల్యాబు బల్లమీద రెండు పలకలూ పక్కపక్కనే ఉన్నాయి. పేర్ల చీటీలు లేకపోతే ఏది ఎవరిదో చెప్పలేం. తనది ఇంత నున్నగా వచ్చిందా అని గోపినాథ్ ముచ్చటపడ్డాడు. ఆ వెంటనే హరిత పలక చూసి పళ్ళు నూరాడు. అచ్చు దించేసింది, దొంగమొహంది!

శనివారం సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళగానే హరిత పేరున్న పలక తీసి, అంచుల పూతను బ్లేడుతో గీకేశాడు. ఉప్పునీళ్ల తొట్టిలో ముంచాడు. తేమ తాగిన పలకకు వేడి తగిలితే పొరలు విడిపోతాయి. ఆ సంగతి అతనికి కాక ఇంకెవరికి తెలుసు? సోమవారం అందరికంటే ముందొచ్చి, శుభ్రంగా తుడిచి యథాస్థానంలో పెట్టాడు.

పరీక్ష మొదలైన ఇరవై నిమిషాలకే హరిత పలక పూరీలా పొంగి, చిట్లింది. గోపినాథ్ పలక గంట దాటినా చెక్కుచెదరలేదు. డైరెక్టర్‌గారు అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం పెట్టారు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది హరితే. "కంగ్రాట్స్ సార్" అంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఏడవనీ అనుకున్నాడు గోపినాథ్. అతని కడుపు చల్లబడింది.

సాయంత్రం లడ్డూలు పంచాడు. అటెండర్ జోగులు ఒకటి తీసుకున్నాడు గానీ తినలేదు.

"తినవోయ్ జోగులూ! హరిత నాది చూసి కాపీ కొట్టినా ఏం లాభం? నాది నాదేగా!"

జోగులు లడ్డూని తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

"కాపీ ఏటి సార్, మీరు పెళ్ళికెళ్ళినప్పుడు ఓవెన్ గడ్‌బడై మీ పలక మాడి బొగ్గయిపోతే, పెళ్ళింట్లో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని మమ్మల్నెవ్వర్నీ నోరెత్తొద్దని చెప్పి, హరిత దీదీయే తన రెసిన్‌తో ఇంకో పలక చేసి దానికి మీ చీటీ అంటించినాది!"