కుడికి తిరిగే కుళాయి

"మీరు ఈ ఇంట్లో అడుగుపెట్టి ఎన్నాళ్లయింది?" వంటింట్లో నిలబడి అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"రెండేళ్లు దాటిందండీ. మా అన్నయ్యతో మాటల్లేవు. చివరికి ఇలా రావాల్సి వచ్చింది," అన్నాడు బాబాయి, అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి.

అమ్మానాన్నల్నీ తమ్ముణ్ణీ మొన్న ఈ ఇంట్లోనే చంపేశారు. హాస్టల్లో ఉండబట్టి అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఇక ఉండాల్సింది బాబాయి ఇంట్లోనే.

"చంపినవాడు ఈ సింకులోనే చేతులు కడుక్కున్నాడు," అంటూ ఇన్‌స్పెక్టరమ్మ కుళాయి తిప్పబోయింది. అది కదల్లేదు. "ఇదేంటి, పట్టేసిందా?"

"అటు కాదండీ, కుడికి తిప్పాలి." బాబాయి చెయ్యి చాచి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి.

అమ్మాయి చూపు ఆ కుళాయి మీదే ఆగిపోయింది. కిందటి ఆదివారం అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు. "మీ నాన్న పెద్ద ప్లంబరు మరి! కొత్త కుళాయి కొనుక్కొచ్చి లోపలి ముక్క తిరగేసి బిగించారు. ఊళ్లో కుళాయిలన్నీ ఒక దారి, మనింటిది ఒక దారి!"

"పద తల్లీ, మనింటికి పోదాం." బాబాయి చెయ్యి మళ్లీ భుజం మీదకొచ్చింది.

ఇప్పుడు చెప్పకపోతే ఆ ఇంటికే వెళ్లాలి. ఆమె ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగింది.

"మేడమ్, ఆ కుళాయి నాన్న కిందటి వారమే బిగించాడు."

భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ కుళాయి కట్టలేదు. బాబాయి మీంచి చూపు తిప్పకుండా, "నువ్విలా వచ్చి నా వెనక నిలబడమ్మా," అంది.