అమ్మ నడుము పంచాయితీ

"స్క్రూలు బిగించాల్సిందే!" అంటూ పెద్దకొడుకు డాక్టర్ బల్ల మీద గుద్దాడు. అతను చేసేది బల్లలూ బీరువాలూ. వదులుగా ఏది కనిపించినా అతని చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటుంది. "రెండు ఎముకల్నీ కలిపి బిగించేస్తే ఇక జన్మలో కదలవు."

"అది అమ్మ నడుమా, నీ బీరువానా?" అంది చెల్లెలు. ఆమెది టైలరింగ్. "నడుం దగ్గర నరాలు పోయే దారి ఇరుకైంది, అంతేగా! ఇరుకైతే వదులు చెయ్యాలి. నొక్కుతున్న ఎముకని కాస్త కత్తిరించేస్తే సరిపోతుంది."

"కత్తిరించడం దేనికి, బిగించడం దేనికి?" అని అందుకున్నాడు ఆమె మొగుడు. అతనిది టైర్ల షాపు. "ఎముకకీ ఎముకకీ మధ్య జాకీలాంటి చిన్న ముక్క పెడతారట. దారి దానంతటదే తెరుచుకుంటుంది. ఎత్తడం గురించి నీకేం తెలుసు బావా, ఊరుకో!"

"మీరే చెప్పండి డాక్టర్ గారూ!" అన్నారు ముగ్గురూ.

"అది కాదండీ..." అని డాక్టర్ నోరు తెరిచేలోపే మళ్ళీ ముగ్గురూ ఎత్తుకున్నారు.

కొన్నాళ్ళు పెద్దమ్మ ఇంట్లో ఉండి నేరుగా ఇక్కడికే వచ్చిన అమ్మ, మూల కుర్చీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి.

ఏడుస్తోందనుకున్నాడు పెద్దకొడుకు. వీధి చివరిదాకా వెళ్ళాలంటే కనిపించిన ప్రతి షాపు మెట్టు మీదా కూలబడేది పాపం. వీళ్ళు ముగ్గురూ ఒక్కమాట మీదికి రాకే ఏడాదిగా ఆపరేషన్ వాయిదా పడుతోంది. తన మాట నెగ్గకపోతే పోయింది, అమ్మ నడవాలి.

"సరే, స్క్రూలొద్దు" అన్నాడు గొంతు తగ్గించి. "చెల్లి చెప్పినట్టే కానిద్దాం."

"ఛ, పెద్దవాడివి, నీ మాటే కానీ అన్నయ్యా!"

"అదేం కుదరదు. మీ అన్నయ్య తగ్గాక నువ్వెందుకు తగ్గుతావు?" అన్నాడు మొగుడు.

ఇప్పుడు ఎవరు తగ్గాలన్నదాని మీద మొదలైంది రభస. ఇంజెక్షన్ ట్రేతో లోపలికొచ్చిన నర్సు వచ్చిన దారినే వెనక్కి పోయింది.

డాక్టర్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "బాబూ, కాస్త పక్కకి జరగండి. అమ్మగారు ఆ మంచం మీద బోర్లా పడుకోవాలి. రెండు వారాల కిందట చేసిన ఆపరేషన్‌కి ఇవాళ కుట్లు విప్పాలి."

ముగ్గురూ తలా ఓ పక్కకి జరిగారు. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, గబగబా మంచం దగ్గరికి నడిచింది.

"ఏ ఆపరేషన్ చేశారో మాత్రం వీళ్ళకి చెప్పకండి బాబూ," అంది నవ్వు ఆపుకోలేక, "మళ్ళీ మొదలెడతారు!"